మిర్చి యార్డులో దగ్గు నాకొక్కడికే

నమస్తే అండీ. గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర నిలబడి మాట్లాడుతున్నా. పది నిమిషాలు షూట్ చేద్దామని లోపలికెళ్లి రెండు నిమిషాల్లో బయటపడ్డా. ఒకటే తుమ్ములు, దగ్గు, కళ్లంట నీళ్లు. నా పక్కనుంచే హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసుకుంటూ, కబుర్లాడుకుంటూ పోతున్నారు. "నాలుగు రోజులు రా బాబూ, అదే అలవాటైపోద్ది" అని నవ్వాడో పెద్దాయన.

నిజమే. మిరపలో ఘాటు పేరు క్యాప్సైసిన్. మన నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం (పసిగట్టే ప్రొటీన్) ఉంటుంది, ఘాటు దాన్ని తట్టి లేపుతుంది. తమాషా ఏంటంటే, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినా లేచేది అదే. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్‌లో వాటా దక్కింది. మనవాళ్లు మాత్రం కారానికీ నిప్పుకీ ఎప్పుడో ఒకటే మాట పెట్టేశారు: మంట. ఘాటు పదేపదే తగిలితే ఆ గ్రాహకం మొద్దుబారుతుంది.

ఎండ సంగతి వేరు. అక్కడ ఒళ్లే మారుతుంది. రోజూ కాసేపు ఎండలో పనిచేస్తే వారం, రెండు వారాల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. గుండె అంత దడదడలాడదు. చెమట తొందరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు మాత్రం తక్కువ పోతుంది. కొన్ని వారాలు ఏసీలో కూర్చుంటే ఇదంతా హుష్‌కాకి. టిబెట్ వాళ్లకి కొండల్లో బతకడం ఈపాస్1 జన్యువులోనే ఉంది, అది సొంతిల్లు. మన ఎండ అలవాటు అద్దె కొంప.

పైగా చెమట ఆరితేనే చల్లదనం. విజయవాడ ఉక్కపోతలో అది కారుతుందే గానీ ఆరదు. ఈ ఉక్కని కొలవడానికి థర్మామీటరుకి తడిగుడ్డ చుట్టి చూస్తారు. అది 35 డిగ్రీలు చూపిస్తే నీడలో ఊరికే కూర్చున్నా మనిషి ఎక్కువసేపు తట్టుకోలేడని లెక్క. 2022లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల మీద పరీక్షిస్తే, అదే తడిగుడ్డ లెక్కలో 31 దగ్గరే ఒళ్లు వేడెక్కిపోవడం మొదలైంది. 2015 వేసవిలో ఆంధ్రాలోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయారు. వాళ్లంతా ఎండ ఎరగనివాళ్లా?

పెద్దాయన్నే అడిగా, ఎండ కూడా అలవాటేనా అని. తలమీద తడి తువ్వాలు చూపించాడు. "ఇది చల్లగుంటే పని చేస్తా. ఉక్కపోత రోజు ఇదే వెచ్చబడిపోద్ది. ఆ రోజు నీడ వదల్ను."