వంకర స్థలంలో కారు షెడ్డు: పైకప్పు ఎటు వాల్చాలి?

యాంకర్: నమస్కారమండి. ఈ పూట మూలలు కుదరని స్థలాల్లో కారు షెడ్డు పైకప్పు గురించి మాట్లాడుకుందాం. మనతో సివిల్ ఇంజనీరు గారు, రేకుల షెడ్లు కట్టే మేస్త్రి గారు ఉన్నారు. మొదటి ఫోను అంబాజీపేట వైపు నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. ఇంటి పక్కన ఖాళీ ఉంది. రోడ్డు వైపు 13 అడుగులు, వెనక బోదె, అంటే పిల్లకాలువ, వైపు 20. ఇంటి గోడ పొడవు 20. సరిహద్దు గోడ ఏటవాలుగా పోతుందండి, అది 21 అడుగుల 2 అంగుళాలు. మధ్యలో దూలం పెట్టి రెండు వాలులు చేద్దామని ఒకరంటున్నారు.

ఇంజనీరు: కర్ణాలు కొలిచారా? నాలుగు పక్కలు తెలిసినా ఆకారం తేలదండి. అవే కొలతలతో స్థలం అటూ ఇటూ ఒరిగి ఉండొచ్చు.

శ్రోత: కొలిచామండి. ఇంటి ముందు మూల నుంచి వెనక సరిహద్దు మూలకి 28 అడుగుల మూడున్నర అంగుళాలు. రెండోది 23 అడుగుల 10.

ఇంజనీరు: అయితే ఇంటి గోడకి రెండు మూలలూ సరిగ్గా మూలమట్టంలో ఉన్నాయి. వంకరంతా సరిహద్దుదే. రెండు వాలులు వద్దండి. సగం నీళ్లు మీ ఇంటి గోడ మీదకే వస్తాయి, అక్కడ చూరు నీరు పట్టడానికి పెట్టిన గట్టర్ పొంగితే గోడ చెమ్మగిల్లుతుంది. ఒకటే వాలు పెట్టండి. ఇంటి వైపు ఎత్తు, సరిహద్దు వైపు పల్లం. అడుగుకి 2 అంగుళాల వాలు చాలు.

శ్రోత: మరి సరిహద్దు వైపు ముందూ వెనకా ఒకే ఎత్తుకి వస్తుందా అండి?

ఇంజనీరు: రాదు. రానివ్వకూడదు కూడా. ఎక్కువ షెడ్లు పాడయ్యేది ఇక్కడే. సరిహద్దు దగ్గర గట్టర్ కోసం ఒక అడుగు వదలండి. రూఫు వెడల్పు ముందు 12, వెనక 19 అవుతుంది. ఇంటి వైపు 10 అడుగుల ఎత్తు అనుకుంటే, ముందు అంచు 24 అంగుళాలు దిగి 8 అడుగుల దగ్గర ఆగుతుంది. వెనక 38 అంగుళాలు దిగి 6 అడుగుల 10 అంగుళాలకి వస్తుంది. రెండు చివరలకీ తేడా 14 అంగుళాలు. అది చూడ్డానికి బాగోలేదని రెండూ సమం చేస్తే కప్పు మెలి తిరుగుతుంది. రేకు బలవంతంగా వంగి కూర్చుంటుంది, అతుకుల దగ్గర సందు పడుతుంది, స్క్రూ రంధ్రాలు సాగుతాయి. ఆ తర్వాత ఎన్ని సీలెంట్లు రాసినా కారుతూనే ఉంటుంది.

మేస్త్రి: రేకులు ఎక్కించే ముందు ఒక పరీక్ష ఉందండి. ఫ్రేము నాలుగు మూలల పై అంచుల మీదుగా రెండు దారాలు కర్ణాల మీద బిగించి కట్టండి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకాలి. వాటి మధ్య వేలు దూరిందంటే కప్పు మెలి తిరిగినట్టే. అప్పుడే ఒక స్తంభం తల సరిచెయ్యండి. స్థలం ఎంత వంకరదైనా ఈ లెక్క తప్పదు.

యాంకర్: 14 అంగుళాల తేడా నీటికి ఇబ్బంది కాదా అండి?

ఇంజనీరు: ఇబ్బంది కాదు సరికదా, మేలే. గట్టర్‌కి వేరే వాలు ఇవ్వక్కర్లేదు, నీరంతా వెనక మూలకి చేరుతుంది. ఈ రూఫు 310 చదరపు అడుగులు. గంటలో 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,900 లీటర్లు దిగుతాయి. 6 అంగుళాల గట్టరు, 4 అంగుళాల పైపు సరిపోతాయి. పైపుని బోదె వైపు తీసుకెళ్లండి. ఇంకుడు గుంతని నమ్ముకోకండి, వర్షాకాలంలో మన గోదావరి డెల్టాలో ఊట నీరే పైకి వచ్చేస్తుంది.

శ్రోత: స్తంభాలు ఎన్ని అండి?

మేస్త్రి: నాలుగు వరసలు, ఎనిమిది స్తంభాలు. వరసకీ వరసకీ 6 అడుగుల 8 అంగుళాలు. ఒక్కో వరసలో వాలు దూలం పొడవు వేరేగా ఉంటుంది. అడ్డ కొలత 12, 14 అడుగుల 4, 16 అడుగుల 8, 19. అన్నీ ఒకే పొడవుకి కోయించేస్తే తర్వాత అతుకులే. అడ్డ పైపులు, అంటే పర్లిన్లు, 60 బై 40 మిల్లీమీటర్ల జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుము, 2 మిల్లీమీటర్ల మందం, మూడున్నర అడుగులకి ఒకటి. వంకర అంచు వెంట కూడా ఒక పైపు పెట్టాలి, లేకపోతే ఏటవాలుగా కోసిన రేకు కొసకి ఆధారం ఉండదు. రేకులు ముక్కలు వద్దు, వాలు పొడవంతా ఒకటే రేకు. ఒక్కోటి ముందుదాని కంటే సుమారు 14 అంగుళాలు ఎక్కువ. కటింగ్ వీల్‌తో కోయకండి, నిప్పురవ్వలకి పూత కాలి అక్కడే తుప్పు మొదలవుతుంది. రేకు కత్తెర వాడి, కోసిన అంచుకి జింకు పెయింటు రాయండి.

ఇంజనీరు: గాలి సంగతి చెప్పాలండి. మన తీరానికి ఐఎస్ 875, అంటే కట్టడాల మీద పడే భారాలకి ఉన్న భారత ప్రమాణం, ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు అడుగుకి సుమారు 14 కిలోల ఒత్తిడి. రేకు బరువు అర కిలో కూడా ఉండదు. తెరిచి ఉన్న షెడ్డుకి గాలి కింద నుంచి దూరి ఎత్తేస్తుంది. మీ రూఫు మొత్తం మీద నాలుగు టన్నులకి పైనే. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమ వాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే పునాది బరువు మొయ్యడానికి కంటే ముందు, ఎగరకుండా పట్టి ఉంచడానికి. మూడున్నర అడుగుల లోతున 3 అడుగుల చదరం, అడుగు మందం కాంక్రీటు. పైన మట్టి పొరలు పొరలుగా దిమ్మిస వెయ్యాలి. ఇంటి వైపు స్తంభాలు గోడకి రెండున్నర అడుగులు ఎడంగా ఉండాలి, ఇంటి పునాది పక్కనే తవ్వకూడదు. రూఫు గోడ దాకా ముందుకు రావచ్చు, కానీ గోడకి బిగించొద్దు. పాత ఇల్లు దిగడం అయిపోయింది, కొత్త స్తంభాలు ఇంకా దిగుతాయి. మధ్య 2 అంగుళాల సందు వదిలి, గోడలో గాడి కోసి అందులో రేకు పట్టీ దింపండి. వాలు దూలాల సైజు మాత్రం ఎత్తే గాలికి లెక్క కట్టించుకునే కొనండి, 19 అడుగుల వరసకి మామూలు పైపు ఆగదు.

మేస్త్రి: అంచుల్లో ప్రతి మిట్టకీ స్క్రూ, లోపల మిట్ట విడిచి మిట్టకి. రబ్బరు వాషరు నలిగిపోయేంత బిగించకూడదు.

యాంకర్: మరో ఫోను, మలికిపురం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: మాది ఎల్ ఆకారంలో మూల తిరిగిన షెడ్డండి. పైన కొబ్బరి చెట్లున్నాయి. సిమెంటు రేకులు వెయ్యమంటున్నారు.

మేస్త్రి: వద్దమ్మా, కాయ పడితే పగిలిపోతాయి. రంగు పూత రేకు సొట్ట పడుతుంది గానీ పగలదు. అర మిల్లీమీటరు మందం తీసుకోండి.

ఇంజనీరు: రెండు కప్పులూ ఒకే ఎత్తున కలిపితే మూలలో లోయ వస్తుందమ్మా. కొబ్బరి పూత, పిందెలు అందులో చేరి నీటిని ఆపేస్తాయి. పెద్ద కప్పుని 9 అంగుళాలు ఎత్తు చేసి, చిన్న కప్పు పై అంచుని దాని చూరు కిందకి ఒక అడుగు దూర్చండి. లోయే ఉండదు. సముద్రం దగ్గర కదా, వెల్డింగ్ చేసిన ప్రతి చోటా జింకు పూత కాలిపోతుంది. మసి గీకి, జింకు పెయింటు రెండు కోట్లు వేశాకే రేకులు ఎక్కించమనండి. తర్వాత అక్కడికి బ్రష్షు అందదు.