అర్ధరాత్రి ఫోన్ చేసే ధైర్యం

అందరికీ నమస్కారం. ఆదివారం పూట కూడా బెంగళూరు సిల్క్‌బోర్డు ట్రాఫిక్ దాటుకుని వచ్చారంటే ముందు మీకే దండం పెట్టాలి.

లీడర్‌షిప్ అనగానే విజన్, మోటివేషన్ అని మొదలుపెడతారు. వాటి జోలికి పోను. సైబర్ సెక్యూరిటీ టీము లీడర్‌ని తూచడానికి ఒక్కటి చూస్తే చాలు: చెడ్డ కబురు ఆయన చెవిన పడటానికి ఎంతసేపు పడుతోంది?

రాత్రి 2:40 అనుకోండి. వైట్‌ఫీల్డ్‌లో ఒక సాక్, అంటే సైబర్ దాడుల మీద రాత్రింబవళ్లు కన్నేసి ఉంచే సెంటర్. షిఫ్టులో ఉన్నది ఏడాది అనుభవమున్న ఎల్1 కుర్రాడు, అంటే అలర్ట్‌లు మొదట చూసేవాడు. ఫైల్ సర్వర్‌లో నిమిషానికి వందల ఫైళ్ల పేర్లు మారిపోతున్నాయని ఈడీఆర్ (కంప్యూటర్లలో అనుమానాస్పద పనుల్ని పసిగట్టే సాఫ్ట్‌వేర్) మొత్తుకుంటోంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ లక్షణమది. "ఫాల్స్ పాజిటివ్ అయితే, అంటే ఉత్తుత్తి అలర్ట్ అయితే, పరువు పోతుంది. సార్ పడుకుని ఉంటారు, తెల్లారాక చెబుదాం" అనుకున్నాడు. తప్పు వాడిది కాదు. కిందటిసారి లేపినందుకు విసుక్కున్న సార్‌ది.

సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఘటన మన దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు వాళ్లకు తెలపాలి. తెల్లారేదాకా ఆగితే ఆ గడువులో సగం పైగా నిద్రలోనే పోయింది.

అందుకని అధికారాన్ని ముందే కాగితం మీద పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ఎల్1 ఎవర్నీ అడక్కుండా నెట్‌వర్క్ నుంచి విడదీయొచ్చు. డొమైన్ కంట్రోలరో (అందరి లాగిన్లూ చూసే సర్వర్), పేమెంట్ సర్వరో అయితే ఇన్సిడెంట్ కమాండర్‌కి, అంటే ఆ ఘటన మొత్తాన్ని నడిపించే మనిషికి, ఫోన్ చేయాలి. 10 నిమిషాల్లో ఎత్తకపోతే రెండో మనిషికి. ఆయనా ఎత్తకపోతే తానే విడదీయాలి, తర్వాత ఎవరూ నిలదీయకూడదు. విడదీయడమంటే పవర్ పీకడం కాదండోయ్. మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి, ఒక్కోసారి దొంగలు ఫైళ్లకు వేసిన ఎన్‌క్రిప్షన్ తాళంచెవి కూడా.

కమాండర్ కీబోర్డు ముట్టుకోకూడదు. మన దగ్గర ఎక్కువగా చెడేది ఇక్కడే. టీములో అందరికంటే పనిమంతుణ్ణే కమాండర్ చేస్తాం, ఆయన సిస్టమ్ లాగ్ ఫైళ్లలో తల దూర్చేస్తాడు, బ్రిడ్జి కాల్‌లో (అందరూ కలిసే ఫోన్ కాల్‌లో) 30 మంది ఒకేసారి మాట్లాడుతుంటారు. ఒకరు నడపాలి, ఒకరు టైముతో సహా అన్నీ రాయాలి, ఒకరు అరగంటకోసారి పైవాళ్లకు కబురు పంపాలి. ఆ కబురు ఆగితే డైరెక్టర్లే కాల్‌లోకి దిగి "ఎంతవరకొచ్చింది?" అంటారు. రాసేవాళ్లు టైము ఐఎస్‌టీయా (మన దేశపు టైము), యూటీసీయా (ప్రపంచ ప్రామాణిక టైము) మొదటి వరుసలోనే తేల్చుకోవాలి. అయిదున్నర గంటల తేడాతో అల్లిన టైమ్‌లైన్ ఎందుకూ పనికిరాదు.

ఇక సద్దుమణిగాక చేసే రివ్యూ. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్‌సైట్) ఒక ఇంజినీరు, రెండో డేటాబేస్ అనుకుని అసలుదాని డైరెక్టరీ తుడిచేశాడు. "ఎవరు చేశారు?" దగ్గర ఆగితే ఒక ఉద్యోగం పోతుంది, అంతే. వాళ్లు "ఎలా జరిగింది?" అని తవ్వారు. బ్యాకప్ కోసం నడుస్తున్న పీజీ_డంప్ అనే టూల్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక ఫెయిలవుతోందని తేలింది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు డీమార్క్ (నకిలీ ఈమెయిళ్లను ఆపే తనిఖీ) వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. సుమారు 6 గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (డేటా నకలు) ఉండబట్టి గట్టెక్కారు. ఇదంతా బయటికే ప్రచురించారు. ఆ ఇంజినీర్ని బోనెక్కించి ఉంటే ఆ ఈమెయిళ్ల సంగతి ఎవరు చెప్పేవాళ్లు?

చివరిగా ఒక చిన్న పని. కమాండర్, రెండో మనిషి, లీగల్, క్లౌడ్ వెండర్, వీళ్ల ఫోన్ నంబర్లు ప్రింట్ తీసి సాక్ గోడకి అంటించండి. షేర్డ్ డ్రైవ్‌లో పెట్టామంటారు చాలామంది. రాన్సమ్‌వేర్ ముందు ఎన్‌క్రిప్ట్ చేసేది ఆ డ్రైవ్‌నే కావచ్చు. ఆఫీసు చాట్‌లో ఉందంటారా, దొంగ కూడా అందులోనే కూర్చుని చదువుతూ ఉండొచ్చు.