అపాచీ కంటద్దం: తల తిప్పితే గీతలు ఎందుకు అబద్ధం చెప్పినట్టుంటాయి?

నమస్తే అండీ. పోయిన వీడియోలో హెలికాప్టర్‌ని గాల్లో ఒకచోట నిలబెట్టడం చూశాం. ఇవాళ ముందుకు పోనిద్దాం. మనది డీసీఎస్ అనే కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లోని అపాచీ యుద్ధ హెలికాప్టర్, ఏహెచ్-64డి. నిజం అపాచీల బాడీలు 2018 నుంచి మన హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో తయారవుతున్నాయి, అందుకే దీని మీద నాకు కాస్త మమకారం ఎక్కువ.

అసలు పైలట్‌కి ఈ ఆకుపచ్చ అంకెలన్నీ కుడికన్ను ముందున్న చిన్న అద్దంలో కనిపిస్తాయి. ఎడమకన్ను ఖాళీ. మానిటర్ ముందు కూర్చున్న మనకి ఆ తలనొప్పి లేదు.

సరే, ముక్కు కొంచెం కిందకి వంచుతున్నా. ఎడమ పక్కన వేగం చూడండి, నాట్లలో ఉంటుంది (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు). 12... 18... 22. ఇదిగో, చిన్న కుదుపు, ఎత్తు దానంతటదే పెరుగుతోంది. రోటర్‌కి, అంటే పైన తిరిగే రెక్కలకి, కొత్త గాలి అందిందన్నమాట. ఎడమవైపు పైన ఉన్నది టార్క్, అంటే ఇంజిన్ల నుంచి ఎంత పవర్ వాడుతున్నామో చెప్పే అంకె. వేగం 70 దగ్గరికి వచ్చేసరికి హోవర్‌లో, అంటే ఒకచోట నిలబెట్టినప్పుడు, పెట్టినంత పవర్ అక్కర్లేదు. కలెక్టివ్ (ఎత్తు పెంచే, తగ్గించే లివర్) దించుతున్నా, లేకపోతే ఆకాశంలోకి పోతాం.

మధ్యలోంచి పైకి సాగుతున్న గీత వెలాసిటీ వెక్టర్, అంటే హెలికాప్టర్ ఎటు, ఎంత వేగంగా కదులుతోందో చూపే గీత. హోవర్ మోడ్‌లో 6 నాట్లకే ఫుల్ అయిపోతుంది. సైక్లిక్ (హెలికాప్టర్‌ని ముందుకీ పక్కలకీ వంచే కర్ర) మీద స్విచ్ ముందుకి నొక్కి ట్రాన్సిషన్ అనే డిస్‌ప్లే మోడ్‌లోకి వస్తే 60 దాకా సాగుతుంది. ఆ తర్వాత 90 అయినా 120 అయినా అదే పొడవు. కాబట్టి స్పీడు అంకెలో చూడండి, గీతలో కాదు. పైగా గీతది నేలతో పోల్చిన వేగం, అంకెది గాలితో పోల్చిన వేగం. ఎదురుగాలి కొడితే రెండూ కలవవు.

ఇప్పుడు ఒక తమ్ముడి ప్రశ్న. "అన్నా, తల ఎడమకి తిప్పితే హొరైజన్ (నేలా ఆకాశం కలిసే చోటు) గీత బయట కొండలతో కలవట్లేదు, బగ్గా?" బగ్ కాదు తమ్ముడూ. చూడు, పూర్తిగా ఎడమకి తిప్పా. పొలాలు పక్కకి జారిపోతున్నాయి, వెక్టర్ మాత్రం ఇంకా పైకే చూపిస్తోంది. నువ్వెటు చూస్తే నాకేంటి, నేను చెప్పేది హెలికాప్టర్ సంగతి అంటోంది. డాష్‌బోర్డు పీకి కంటికి అంటించుకున్నట్టే. నేనైతే మొదట్లో ఒక రాత్రి పక్కకి చూస్తూ, ఆ గీత నిజం హొరైజన్ అనుకుని సరిచేయబోయి చెట్లలో పడ్డా.

బయటి ప్రపంచానికి అతుక్కునేవి కొన్నే. ముక్కు ఎటుందో చెప్పే డైమండ్ ఒకటి, నిజంగా ఎటు పోతున్నామో చెప్పే చిన్న గుండ్రం ఇంకొకటి. తల ముందుకి తెచ్చా, రెండూ వచ్చాయి. గుండ్రం ఎక్కడ కూర్చుందో చూశారా? సరిగ్గా ఎదురు కొండ మీద! అంటే ఇలాగే వదిలేస్తే అందులోకే పోతాం.

కొంచెం పైకి లాగుతున్నా. గుండ్రం శిఖరం దాటింది, ఇక ఇలాగే పట్టుకుంటా. కుడివైపు రాడార్ ఎత్తు, అంటే సరిగ్గా కిందున్న నేల నుంచి ఎత్తు, 180 అడుగులు... 120... 60. పక్కనే ఉన్న దిగుడు వేగం గుర్తు చూడండి, కదల్లేదు. మనం దిగట్లేదు, నేలే లేస్తోంది. 55... 70... హమ్మయ్య, దాటేశాం. ఒక్క నిమిషం ఆగండి, నీళ్లు తాగుతా.