గేటు బయట కీ

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు, ఇందాకటి నుంచి ముగ్గురు చదివేశారు కాబట్టి నేను వదిలేస్తున్నా, ఏమీ అనుకోకండి. ప్రిన్సిపాల్ గారేమో "సార్, జీవశాస్త్రం ప్రాముఖ్యత మీద పది నిమిషాలు" అన్నారు. బైపీసీ తీసుకుని రెండేళ్లు రికార్డులు రాసి, బొద్దింక బొమ్మలు గీసి గీసి ఇక్కడిదాకా వచ్చిన పిల్లలకి దాని ప్రాముఖ్యత నేను చెప్పేదేముంది. నేను మాట్లాడాలనుకుంటున్నది మెడికల్ సీట్ల కోసం రాసే నీట్ రోజు సాయంత్రం 5 గంటలకి సెంటర్ గేటు బయట పిల్లలు ఆన్సర్లు పోల్చుకునే తంతు గురించి. రిటైరైనా ఇది నన్ను వదలట్లేదు, ఎవరూ మైకులో చెప్పట్లేదు, అందుకే పిలవగానే వచ్చేశా.

మీకూ తెలుసు ఎలా ఉంటుందో. 2 నుంచి 5 దాకా రాసి బయటికొస్తారు, ఓఎంఆర్, అదే ఆన్సర్లకి గుండ్రాలు నింపే షీటు, లోపల తీసేసుకుంటారు, చేతిలో క్వశ్చన్ పేపర్ ఉంటుంది. చెమటైనా తుడుచుకోరు, "ఒరేయ్ 118వ బిట్ ఏం పెట్టావ్?" "రెండు." "నేను మూడు పెట్టానే, అయిపోయింది నా పని." ఇద్దరి మొహాలూ మాడిపోతాయి. కాసేపటికి మూడోవాడెవడో వచ్చి పేపర్ కోడ్ చూడండ్రా అంటాడు, చూస్తే ఇద్దరి కోడ్ వేరు, వీడి 118 వాడికి ఇంకెక్కడో ఉంది! నవ్వుతున్నారు కదా, మీరూ చేస్తారు, రాసి పెట్టుకోండి.

లెక్క మీకు కొత్త కాదు. 180 బిట్లు, అందులో 90 మనవే, బోటనీ 45, జువాలజీ 45, అంటే 720లో సగం మార్కులు బయాలజీలోనే. రైటైతే 4, తప్పయితే మైనస్ 1, కాబట్టి ఒక్క బిట్ అటూ ఇటూ అయితే 5 మార్కుల తేడా. ఇంత తేడా ఉన్నప్పుడు పిల్లలకి మనసాగదు, నిజమే, చూసుకోవద్దు అని నేననను. అందరూ అదే చెప్తారు, "అయిపోయిన పరీక్ష గురించి మాట్లాడకండి" అని, ఎవరైనా విన్నారా ఇప్పటిదాకా? నా గొడవ చూసుకునే పద్ధతితో.

ఒక గ్రాండ్ టెస్ట్, అదే నీట్ లాంటి నమూనా పరీక్ష, అయ్యాక మెట్ల దగ్గర నేను చూసింది చెప్తా. బిట్ ఏంటంటే, తల్లి మొక్క టెట్రాప్లాయిడ్, అంటే క్రోమోజోముల సెట్లు నాలుగు, 4ఎన్, తండ్రి మొక్క డిప్లాయిడ్, రెండు సెట్లు, 2ఎన్, మరి గింజలో పిండానికి తిండి పెట్టే అంకురచ్ఛదం అదే ఎండోస్పెర్మ్ ప్లాయిడీ, అంటే సెట్ల లెక్క, ఎంత? ఆరుగురు పిల్లలు నిలబడ్డారు. అయిదుగురు 3ఎన్ అన్నారు, ఎందుకంటే ఎండోస్పెర్మ్ అనగానే 3ఎన్ అని నోటికొచ్చేస్తుంది, నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఒక్క అమ్మాయి 5ఎన్ పెట్టింది. "ఎక్కడైనా 5ఎన్ ఉంటుందా, నువ్వు ఓవర్ థింకింగ్ చేశావే" అని అందరూ కలిసి ఆ పిల్లని తేల్చేశారు. ఆ అమ్మాయి పేపర్ మడతపెట్టి, పెన్నుతో దాని అంచు మీద గీతలు గీస్తా ఉంది, కళ్లలో నీళ్లు. నేను దగ్గరికెళ్లి ఎలా వచ్చిందమ్మా అంటే మెల్లగా చెప్పింది. తల్లి 4ఎన్ కాబట్టి పిండకోశంలో ఒక్కో పోలార్ న్యూక్లియస్ అందులో సగం, 2ఎన్, రెండు కలిస్తే 4ఎన్, తండ్రి నుంచి వచ్చే మేల్ గామీట్ ఎన్, మొత్తం 5ఎన్. పిండం అయితే అండం 2ఎన్ ప్లస్ మేల్ గామీట్ ఎన్, 3ఎన్. పక్కా. చూడండి, ఆ అయిదుగురిలో ఒక్కరు కూడా ఆ పిల్లని "ఎందుకు?" అని అడగలేదు. అడిగుంటే అక్కడికక్కడ అయిదుగురూ ఒక బిట్ నేర్చుకునేవాళ్లు. వీళ్లు చేసింది ఓటింగ్. ఎక్కువమంది ఏది పెడితే అదే కీ, అదే కరెక్ట్ ఆన్సర్!

ఓటింగ్ అంటే నాకు క్రోమోజోములు గుర్తొస్తాయి. ఇది నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తా, నా పాత స్టూడెంట్స్ ఇక్కడుంటే కాస్త ఓపిక పట్టండి. మనిషికి క్రోమోజోములు ఎన్ని? 46, ఏడో క్లాసు పిల్లాడు కూడా చెప్తాడు. కానీ 1923 నుంచి 1956 దాకా ప్రపంచమంతా 48 అని చదువుకుంది. పెయింటర్ అని అమెరికా ఆయన, వృషణ కణజాలాన్ని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టి 48 అన్నాడు. పుస్తకాల్లోకి ఎక్కింది, పరీక్షల్లో అడిగారు, 48 రాసినవాడికే మార్కులు. తమాషా ఏంటంటే అంతకు రెండేళ్ల ముందు, 1921లో, ఇదే పెయింటర్ తనకి బాగా స్పష్టంగా కనిపించిన కణాల్లో 46 మాత్రమే ఉన్నాయని రాశాడు! తర్వాత ఆయనే 48 వైపు వెళ్లిపోయాడు. అప్పటి స్లయిడ్లలో క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడి ఉండేవి, ఆ ఉండలో ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలవుతుందో తేల్చడం మాటలు కాదు, ఆయన్ని తిట్టడానికి లేదు.

ఇంకా వినండి. 1952లో షు అనే సైంటిస్టు ల్యాబ్‌లో పొరపాటున కణాలు హైపోటానిక్, అంటే కణం లోపలికన్నా పల్చటి ద్రావణంలో పడ్డాయి, మన ఆస్మాసిస్ పాఠమే, నీళ్లు లోపలికి పోయి కణం ఉబ్బింది, క్రోమోజోములు చక్కగా విడివిడిగా పరుచుకున్నాయి. అంత మంచి స్లయిడ్లు చేతిలో పెట్టుకుని కూడా ఆయన ఏం రాశాడో తెలుసా? 48! ఎందుకంటే అందరూ 48 అంటున్నారు. చివరికి 1955 డిసెంబర్‌లో స్వీడన్‌లోని లుండ్‌లో చియో అనే ఆయన, జావాలో పుట్టినవాడు, పిండం ఊపిరితిత్తుల కణాలు తీసుకుని, కోల్చిసిన్ వేసి కణవిభజన మధ్యలో ఆపి, హైపోటానిక్‌లో ఉబ్బించి, నొక్కి, లెక్కపెట్టాడు. 46. మళ్లీ లెక్కపెట్టాడు. 46. తోటి సైంటిస్టు లేవాన్‌తో కలిసి 1956లో అచ్చు వేశారు, ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో ఇద్దరు వేరే కణాల్లో చూసి మాకూ అంతే వస్తోంది అన్నారు. ముప్పై ఏళ్ల పైన, పిల్లలూ! గేటు బయట ఓటింగ్ పెడితే చియో ఓడిపోయేవాడు. ఈ కథ చెప్తే నాకు టైమ్ తెలీదు, అదిగో ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు, అయిపోతుంది సార్.

అఫీషియల్ కీ వచ్చేదాకా ఆగితే తేలిపోతుందిగా అంటారా. 2024 నీట్ గుర్తుందా, ఫిజిక్స్‌లో పరమాణువుల మీద ఒక బిట్. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఒక వాక్యం ఇంకో ఆప్షన్‌కి కూడా సరిపోయేలా ఉంది కాబట్టి రెండు ఆప్షన్లకీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఐఐటీ ఢిల్లీ నిపుణులు చూసి నాలుగో ఆప్షన్ ఒక్కటే కరెక్ట్ అన్నారు. 4 లక్షల పైచిలుకు పిల్లలకి తలా 5 మార్కులు పోయాయి, 720కి 720 అని మొదట ప్రకటించిన 67 మంది చివరికి 17 మంది అయ్యారు, అందులో గ్రేస్ మార్కుల గొడవ కూడా ఉందనుకోండి. అంత పెద్ద కీకే అంత తిప్పలైతే, సాయంత్రం ఆరింటికల్లా ఫోన్లలో తిరిగే ఎవరో కోచింగ్ వాళ్ల హడావిడి కీ పట్టుకుని మార్కులు తేల్చేయడం ఏం న్యాయం? ప్రొవిజనల్ కీ వచ్చాక బిట్‌కి 200 కట్టి చాలెంజ్ చేసే దారి ఉంది, దానికి పుస్తకంలో ఆధారం ఉండాలి, "మా ఫ్రెండ్స్ అందరూ ఇదే పెట్టారు" అంటే నడవదు.

ఇక పేరెంట్స్. అమ్మా, అయ్యా, మీరు కోపం తెచ్చుకోకండి. పిల్లాడు గేటు దాటకముందే "ఎన్ని వస్తాయి?" అంటారు. కార్లో వెనక సీట్లో వాడు, ముందు మీరు, ఫోన్లో కీ పెట్టుకుని "తొంభై ఒకటి ఏం పెట్టావు, తొంభై రెండు ఏం పెట్టావు" అని ఇల్లు చేరేదాకా క్రాస్ ఎగ్జామినేషన్. వాడు భయానికి పెట్టనిది కూడా పెట్టానంటాడు. ఓఎంఆర్ మన దగ్గర లేదు, ఏది బబుల్ చేశాడో వాడికే సగం గుర్తుండదు. ఆ లెక్కతో వాడిని తిట్టారు, పక్కింటివాళ్ల అబ్బాయితో పోల్చారు, వాడు ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, దాని మీద ఆశ వదిలేసుకున్నాడు. అక్కడ మైనస్ మార్కులే లేవండీ, 160లో 80 బయాలజీ! పైగా అది కంప్యూటర్లో షిఫ్టుల వారీగా పెడతారు, పొద్దున రాసినవాడి పేపరూ మధ్యాహ్నం రాసినవాడి పేపరూ ఒకటి కాదు, వాళ్లిద్దరూ కూర్చుని ఆన్సర్లు పోల్చుకోవడం ఇంకో వింత.

మరొక ఏడుపు, "ముందు కరెక్టే అనుకున్నా సార్, మార్చి తప్పు పెట్టా." ఇది గేటు దగ్గర ప్రతివాడి నోటా వస్తుంది. దీని మీద అమెరికాలో పరిశోధన చేసి 2005లో అచ్చు వేశారు, కాలేజీ పిల్లల ఆన్సర్ షీట్లు చూస్తే, తప్పు నుంచి ఒప్పుకి మార్చినవి ఒప్పు నుంచి తప్పుకి మార్చినవాటికి దాదాపు రెట్టింపు. కాకపోతే మార్చి పోగొట్టుకున్నదే మనసులో గుచ్చుకుంటుంది, మార్చి సంపాదించింది ఎవరికీ గుర్తుండదు. మీకు ఓఎంఆర్ మీద బాల్ పెన్, దిద్దడానికి లేదు, కాబట్టి ఆ ఆలోచనేదో బబుల్ చేయకముందే చేసుకోండి. "సరికానిది ఏది" అని ఉంటే ఆ మాట కింద గీత గీయండి, ఆ మాట చూడకే చాలా మైనస్‌లు వస్తాయి.

సరే, పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఒక్క బిట్ ఇచ్చి దిగిపోతా. ఇందాకటి క్రాస్ తిరగేయండి, తల్లి మొక్క డిప్లాయిడ్, తండ్రి టెట్రాప్లాయిడ్. ఎండోస్పెర్మ్ ఎంత? అరవొద్దు, అరవొద్దు. పక్కవాడి మొహం చూడొద్దు. ఎంతమంది ఏమంటున్నారో నాకక్కర్లేదు, ఎందుకో చెప్పగలిగినవాళ్లు ఒక్కరు లేవండి చాలు. ఆఁ, వెనక వరసలో అమ్మాయి, మైకు అటివ్వండి. చెప్పమ్మా, పోలార్ న్యూక్లియస్ దగ్గర్నుంచి మొదలుపెట్టు.