ముందు మిద్దె ఎక్కండి, రూటర్ తర్వాత కొనండి

అందరికీ నమస్కారం. భాకరాపేట దగ్గర మా చిన్నాయన వాళ్ల మిద్దె మీద ఉన్నాను. కెమెరా ఇటు తిప్పుతాను, చూడండి. అదిగో శేషాచలం కొండలు. ఇటు పక్కంతా మామిడి తోట. ఊరు అర కిలోమీటరు అవతల. ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగ ఆ ఊరి చివరి కరెంటు స్తంభం దగ్గరే ఆగిపోయింది. ఒక్క ఇంటి కోసం ఇంత దూరం తీగ లాగడానికి కేబుల్ ఆపరేటర్ ఒప్పుకోలేదు. ఈ ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఉంది. పోయిన నెల ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో నెట్ ఆగిపోతే ఫోను పట్టుకుని తోట గట్టు దాకా పరుగెత్తిందట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు ఊరుకోలేదు. అందుకే ఇవాళ ఫైబర్ రాని ఇంటికి సిమ్ వేసి ఇంటి మొత్తానికి నెట్ ఇచ్చే రూటర్ పెట్టెను ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

ముందుగా ఒక్క మాట. మీ ఇంటికి ఫైబర్ వచ్చే దారి ఏ కొంచెం ఉన్నా ఈ వీడియో ఆపేసి ఆపరేటర్‌తో మాట్లాడండి. ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా చాలా పల్లెల దాకా వచ్చాయి. సిమ్‌తో నడిచే నెట్ ఎంత బాగున్నా, ఆ టవర్‌ను చుట్టుపక్కల ఊళ్లన్నీ పంచుకుంటాయి. ఫైబర్ రాదని తేలాకే మిగతాది వినండి.

చాలామంది నేరుగా అంగడికి వెళ్లి రూటర్ కొంటారు. రెండేళ్ల కిందట నేనూ అదే చేశాను. ఖరీదైన 5జీ రూటర్ తెచ్చి ఈ ఇంట్లో పెట్టాను. ఇక్కడికి అందే టవర్‌లో 5జీ లేదు. అంత డబ్బు పోసి కొన్న పెట్టె గది మూలలో 4జీ మీదే ఈదుతూ వచ్చింది. అందుకే చెబుతున్నాను, డబ్బు తీసే ముందు మీ ఇంటికి ఏ టవర్, ఏ బ్యాండ్, ఎంత బలంగా అందుతోందో తెలుసుకోండి. బ్యాండ్ అంటే టవర్ సిగ్నల్ పంపే ఫ్రీక్వెన్సీకి పెట్టిన నంబరు.

ఇప్పుడు చేసి చూపిస్తాను. ఫోనులో కనిపించే గీతలను నమ్మకండి. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కో ఫోనులో ఒక్కోలా ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోను అయితే డయల్ చేసే చోట *#*#4636#*#* కొట్టండి, సిగ్నల్ వివరాల పేజీ వస్తుంది. కొన్ని ఫోన్లలో ఇది తెరుచుకోదు. అప్పుడు నెట్‌మాన్‌స్టర్ అనే యాప్ వేసుకోండి, అది బ్యాండ్ కూడా చూపిస్తుంది. అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది చూడండి, టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో అది చెబుతుంది. మైనస్ 80 అంటే చాలా బలమైన సిగ్నల్. మైనస్ 100 అంటే పని జరుగుతుంది. మైనస్ పక్కన అంకె 110 దాటితే కష్టం.

వంటగదిలో చూస్తే నాకు మైనస్ 112 వచ్చింది. ఇప్పుడు మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన, మైనస్ 94. తేడా 18 డెసిబెల్స్ అంటే చిన్నదిగా అనిపిస్తుంది కదా? ఈ లెక్కలో ప్రతి 10కి బలం పది రెట్లు పెరుగుతుంది. అంటే వంటగదికీ ఈ ట్యాంకుకూ మధ్య 60 రెట్లకు పైగా తేడా. ఏ రూటర్ కొన్నా ఇంత లాభం రాదు. మెట్లు ఎక్కితే వచ్చింది.

దాని పక్కనే ఎస్‌ఐఎన్‌ఆర్ అని ఇంకో అంకె ఉంటుంది. మనకు కావలసిన సిగ్నల్ మిగతా రొద కంటే ఎంత స్పష్టంగా వినిపిస్తోందో అది చెబుతుంది. 20 దాటితే చాలా మంచిది. సున్నా కంటే కిందికి పోతే, ఆర్‌ఎస్‌ఆర్‌పీ బాగున్నా నెట్ నత్తనడకే. మిద్దె నాలుగు మూలలా నిలబడి రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది గంటలప్పుడు ఒకసారి వేగం కూడా చూడండి. ఊరంతా ఫోన్లు చూసే ఆ సమయంలో వచ్చే వేగమే అసలు వేగం. చుట్టూ చెట్లుంటే వాన పడిన రోజూ చూడండి, తడిసిన ఆకులు సిగ్నల్‌ను ఇంకా తినేస్తాయి. ఇంట్లో ఎవరి దగ్గర ఏ కంపెనీ సిమ్ ఉంటే అన్నీ వేసి చూడండి.

ఇప్పుడు బ్యాండ్ సంగతి. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం వెళుతుంది, గోడల్లోకి చొరబడుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వేగానికి చోటు ఎక్కువ, కానీ చేరే దూరం తక్కువ. జియో 4జీకి 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ వాడుతుంది, అంటే బ్యాండ్ 5, 3, 40. ఎయిర్‌టెల్‌కు బ్యాండ్ 8, 3, 1, 40. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ ముఖ్యంగా బ్యాండ్ 28, 1 మీద వస్తుంది. మీ ఇంటికి అందేది బ్యాండ్ 5 ఒక్కటే అనుకోండి, కొన్న రూటర్‌లో బ్యాండ్ 5 లేకపోతే అది ఉత్త డబ్బా. అమెరికా కోసం, యూరప్ కోసం చేసిన పెట్టెలు తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. యూరప్‌లో వాడే బ్యాండ్ 20 మన దేశంలో ఏ కంపెనీకీ లేదు. పేరు ఒకటే ఉన్నా దేశాన్ని బట్టి లోపలి బ్యాండ్లు మారతాయి. కాబట్టి పెట్టె వెనక వివరాలు చదవనిదే డబ్బు ఇవ్వకండి.

కుప్పం, వి.కోట, నగరి వైపు వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మీ ఫోను పట్టుకున్నది సరిహద్దు అవతలి టవర్ కావచ్చు. ఒకే కంపెనీ అయినా కర్ణాటకలో, తమిళనాడులో బ్యాండ్లు వేరుగా ఉండవచ్చు. మీ యాప్‌లో కనిపించిన బ్యాండ్‌నే లెక్కలోకి తీసుకోండి.

రూటర్ మీద క్యాట్ 4, క్యాట్ 6 అని రాసి ఉంటుంది, అది దాని వేగం తరగతి. క్యాట్ 4 ఒకసారికి ఒకే బ్యాండ్ వాడుతుంది, గరిష్ఠ వేగం 150 ఎంబీపీఎస్. క్యాట్ 6 రెండు బ్యాండ్లను కలుపుతుంది, 300 దాకా వెళ్లగలదు. రెండు బ్యాండ్లు అందుతున్న ఇంటికి క్యాట్ 6 మేలు. ఒక్కటే అందే చోట దానికి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. ఏదైనా సరే, అన్ని కంపెనీల సిమ్‌లూ పనిచేసేదే తీసుకోండి.

ఇలా కొండ అడ్డున్న ఇళ్లకు నా ఓటు బయట బిగించే రూటర్‌కే. సిమ్, యాంటెన్నా రెండూ ఆ డబ్బాలోనే పైన ఉంటాయి. కిందికి ఒక్క ఈథర్‌నెట్ తీగ, అంటే నెట్ మోసే తీగ, వస్తుంది, కరెంటు కూడా అదే తీగలో పైకి వెళుతుంది. అది 100 మీటర్ల దాకా లాగవచ్చు. రూటర్ కింద పెట్టి యాంటెన్నా మాత్రమే పైన పెడితే, మధ్యలో పొడవాటి యాంటెన్నా తీగ సంపాదించినదంతా మింగేస్తుంది.

సిగ్నల్ బూస్టర్ పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. అనుమతి లేకుండా అవి పెట్టడం చట్టవిరుద్ధం. పైగా చుట్టుపక్కల అందరి ఫోన్లనూ చెడగొడతాయి.

రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను ప్లాను ఇంటికి చాలదు. స్పష్టమైన వీడియో గంట చూస్తే ఒక జీబీ దాటిపోతుంది. రూటర్‌లో వాడుకోవచ్చని చెప్పే, నెల మొత్తానికి లెక్క కట్టే ప్లాను ఉందేమో అడగండి. తోటలో సీసీ కెమెరా పెట్టేవాళ్లు క్లౌడ్ ద్వారా, అంటే కంపెనీ సర్వర్ ద్వారా, పనిచేసేదే కొనండి. మొబైల్ నెట్‌లో సాధారణంగా మన ఇంటికంటూ ప్రత్యేకంగా పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరుకునే నెట్ చిరునామా, ఇవ్వరు, కాబట్టి పాత పద్ధతి కెమెరాలు బయటి నుంచి కనిపించవు. కరెంటు పోయే ఊళ్లకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ తప్పనిసరి. కొనే ముందు మీ రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులతో సరిపోల్చుకోండి. ఉరుములు మొదలయ్యేలోపే ఆ ఈథర్‌నెట్ తీగ ఊడదీయండి, ఆలస్యం చేయకండి.

గోడకు రంధ్రం వెంటనే వేయకండి. ముందు రూటర్‌ను ఇలా పైపుకు తాడుతో కట్టి రెండు రోజులు చూడండి. చిన్నాయనా, కొంచెం ఎడమకు తిప్పండి. ఇంకొంచెం. ఆగండి... మైనస్ 91. ఎస్‌ఐఎన్‌ఆర్ 14. అక్కడే పట్టుకోండి, తాడు కడతాను.