పాత బోటు మోటార్ ఇంజిన్: బోరు కన్నా ముందు చూడాల్సింది

[స్టాండుకు బిగించిన మోటార్. పై మూత తీసి ఉంది.]

నమస్తే అండీ. తిరుపతిలో బోటు మోటార్ ఏంటి అంటారేమో, పులికాట్ సరస్సు మన జిల్లాలోనే ఉంది కదా! ఇది సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చిన పాత ఎవిన్‌రూడ్ కంపెనీ బోటు మోటార్. 1950ల నాటి రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. ఆర్ఎక్స్ 100 బైకు ఇంజిన్ విప్పి బిగించిన చెయ్యి అయితే దీని పని సగం తెలిసినట్టే.

మిగతా సగం ఉప్పునీళ్లు. అల్యూమినియం బాడీలో స్టీలు బోల్టు ఏళ్ల తరబడి ఉంటే రెండూ కరుచుకుపోతాయి.

[బోల్టు క్లోజప్. చుట్టూ తెల్లటి పొడి.]

ఈ తెల్లపొడి చూశారా? ఇలా ఉంటే స్పానర్ వేసి బలం చూపించొద్దు, తల తెగి చేతికొస్తుంది. బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. స్టీలు కన్నా అదే ఎక్కువ సాగుతుంది. ముందు కాస్త బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చేయండి. ఓపిక పని ఇది, వేరే దారి లేదు.

ఇంజిన్ పైనున్న బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ తీయడానికి పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) తప్పనిసరి. కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే స్పార్కుకు కరెంటు పుట్టించే మాగ్నెటో కాయిల్ పగులుతుంది.

[క్రాంక్‌కేస్ రెండు భాగాలు బల్ల మీద.]

ఇప్పుడు అసలు సంగతి. ఇంజిన్ స్టార్ట్ కాకపోతే చాలామంది "బోరు పోయింది", అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయింది అనేస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది క్రాంక్‌కేస్, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే పెట్టె. టూ స్ట్రోక్‌లో అది సైకిల్ పంపు లాంటిది. పిస్టన్ పైకి పోతే పెట్రోల్ కలిసిన గాలిని లోపలికి లాగుతుంది, కిందికి దిగితే దాన్ని సిలిండర్‌లోకి తోస్తుంది. అది మళ్లీ కార్బ్యురేటర్‌లోకి పోకుండా ఆపేవి రీడ్ వాల్వులు, పల్చటి స్టీలు రేకులు. ఎక్కడ గాలి లీకైనా కొత్త పిస్టన్ వేసినా లాభం లేదు.

క్రాంక్‌కేస్ రెండు భాగాల మధ్య గ్యాస్కెట్ ఉండదు. లోహం మీద లోహమే కూర్చుంటుంది. మనవాళ్లు అలవాటు కొద్దీ కాగితం గ్యాస్కెట్ కోసి పెడతారు. పెట్టారా, బేరింగుల గ్యాప్ మారిపోయినట్టే! అంచులు గీతలు పడకుండా శుభ్రం చేసి, సీలెంట్ పల్చగా రాస్తే చాలు.

పిస్టన్ గాడిలో చిన్న పిన్ ఉంటుంది, రింగు కొసలు దాని దగ్గరే కలవాలి. లేకపోతే రింగు తిరిగి పోర్టులో (సిలిండర్ గోడకున్న రంధ్రంలో) ఇరుక్కుని విరుగుతుంది. స్పార్కు సమయానికి వచ్చేలా తెరుచుకునే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ అర మిల్లీమీటరు. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) ఎలా ఉన్నా మార్చేయండి.

[నీళ్ల డ్రమ్ములో మోటార్.]

నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపొద్దు, ఇంపెల్లర్ కాలిపోతుంది. ఈ కాలపు ఇంజిన్లకు మామూలుగా 24 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్, అంటే 5 లీటర్లకు 200 మిల్లీలీటర్ల పైచిలుకు. బైకుల టూ టీ ఆయిల్ కాకుండా బోటు మోటార్ల ఆయిల్ తెప్పించుకోండి. కొత్త రింగులు కుదురుకునేదాకా థ్రాటిల్ ఫుల్లుగా తెరవొద్దు. ఇంజిన్ బాగా చల్లారాక హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి మరోసారి బిగించి, అప్పుడు బోటుకు ఎక్కించండి.