బాపు ఫోను ఎందుకు ఉబ్బింది? నల్లగొండ ఎండలో బ్యాటరీ కథ

[దృశ్యం: బత్తాయి తోట. గట్టు మీద మోటారు స్టార్టర్ డబ్బా. డబ్బా మీద ఒక ఫోను. దాని వెనక మూత ఒక పక్క పైకి లేచి ఉంది. తొట్టిలో బోరు నీళ్లు పడుతున్న చప్పుడు.]

ఈ ఫోను మా బాపుది. కొని రెండేళ్లయింది. వెనక మూత చూడండి, పెనం మీద పొంగిన జొన్నరొట్టెలా ఎలా లేచిందో.

ఇదే మోడల్ ఫోను, అదే రోజు, అదే దుకాణంలో మా అక్కకు కూడా కొన్నాం. అక్క హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకుంటుంది, తెల్లారాక తీస్తుంది. అంతకు మించి ఫోను సంగతి పట్టించుకోదు. బాపు అలా కాదు. ఫోను పూర్తిగా ఖాళీ అయి ఆగిపోతే తప్ప చార్జింగ్ పెట్టడు. నూరు పడగానే తీసేస్తాడు. రాత్రంతా పెడితే పేలుతుందని ఎవరో చెప్పారట, అందుకని పక్కనే కూర్చుని కాపలా కాస్తాడు. ఇంత నిష్ఠగా ఉన్న మనిషి ఫోను ఉబ్బింది. ఏ నియమమూ లేని అక్క ఫోను ఇప్పటికీ సాయంత్రం దాకా నడుస్తోంది.

తేడా ఎక్కడ వచ్చిందో నాకు తోటకు వెళ్లాక అర్థమైంది. బాపు ఫోను పెట్టే చోటు ఇదే. ఈ ఇనుప డబ్బా మీద, మే నెలలో, మిట్టమధ్యాహ్నం.

[దృశ్యం: చెయ్యి డబ్బా మీద పెట్టి వెంటనే వెనక్కి తీసుకోవడం.]

నల్లగొండలో వేసవిలో 44 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. అది నీడలో కొలిచిన లెక్క. ఎండలో ఉన్న ఇనుము సంగతి నా చెయ్యే చెప్పింది.

[దృశ్యం: తెల్ల కాగితం మీద చేత్తో గీసిన బొమ్మ. రెండు గదులు, మధ్యలో పలుచని తెర.]

ముందు బ్యాటరీ లోపలికి వెళ్దాం. ఒక పక్క గ్రాఫైట్, అంటే పెన్సిలు ముల్లులో ఉండే పదార్థమే. ఇంకో పక్క లిథియం, కోబాల్ట్ లాంటి లోహాల ఆక్సైడ్. మధ్యలో సన్నని ప్లాస్టిక్ తెర. ఇవన్నీ ఒక ద్రవంలో తడిసి ఉంటాయి. ఆ ద్రవానికి నిప్పంటుకునే గుణం ఉంది, ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. చార్జింగ్ పెడితే లిథియం అయాన్లు, అంటే విద్యుత్ ఆవేశం ఉన్న లిథియం పరమాణువులు, ఆక్సైడ్ వైపు నుంచి గ్రాఫైట్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. ఫోను వాడుతుంటే తిరిగి వస్తాయి.

పాలమూరు వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. వలస వెళ్లడం, తిరిగి రావడం. వెళ్లిన వాళ్లందరూ తిరిగి రారు. బ్యాటరీలోనూ అంతే. ప్రతి ప్రయాణంలో కొంత లిథియం దారిలో చిక్కుకుపోతుంది. మొదటిరోజు 5000 మిల్లీ ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) ఉన్న బ్యాటరీ కొన్నాళ్లకు 4000 అవుతుంది. ఫోను తెర మీద మాత్రం నూరు శాతం అనే చూపిస్తుంది. గ్లాసు చిన్నదైంది, అయినా నిండుగా ఉన్నట్టే కనిపిస్తోంది.

మరి లిథియం ఎక్కడ చిక్కుకుంటుంది?

[దృశ్యం: నీళ్లు కాచే గిన్నె లోపలి వైపు. తెల్లటి గార.]

ఇది మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె. బోరు నీళ్ల గార. గ్రాఫైట్ మీద కూడా ఇలాంటి పొరే పడుతుంది. ద్రవం గ్రాఫైట్‌ను తాకిన చోట కొంచెం విరిగి, లిథియంతో కలిసి గట్టిపడుతుంది. ఫ్యాక్టరీలో మొదటిసారి చార్జి చేసినప్పుడే ఇది ఏర్పడుతుంది, ఏర్పడాలి కూడా. ఆ పొర లేకపోతే ద్రవమంతా విరుగుతూనే ఉంటుంది. చిక్కల్లా అది అక్కడితో ఆగకపోవడమే. ఏళ్ల తరబడి మందమవుతూ, మందమైన ప్రతిసారీ ఇంత లిథియాన్ని మింగుతుంది. మీరు ఫోను వాడకుండా బీరువాలో పెట్టినా ఈ పని నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. మనిషికి వయసు వచ్చినట్టే.

గార మందమైతే ఇంకో ఇబ్బంది. అయాన్ల దారి ఇరుకవుతుంది. ఊళ్లో పొలం మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారడం చూశారు కదా? పాత బ్యాటరీలో అదే జరుగుతుంది. కెమెరా తెరుస్తారు, ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడుగుతుంది, వోల్టేజీ దబ్బున పడిపోతుంది, ఇంకా 25 శాతం ఉందని చూపిస్తున్న ఫోను కాస్తా ఆగిపోతుంది. 2017లో ఆపిల్ మీద ప్రపంచమంతా గోల లేచింది గుర్తుందా? పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లను చెప్పకుండా నెమ్మదింపజేశారని. వాళ్లు తప్పించాలనుకున్నది ఈ ఆగిపోవడాన్నే. చెప్పి చేసి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదని నా అభిప్రాయం.

[దృశ్యం: రెండు గిన్నెల్లో దోసె పిండి. ఒకటి పొంగి అంచు దాటింది.]

ఇక ఎండ. జనవరిలో రుబ్బిన పిండి పొద్దున్నకు కూడా సరిగా పులవదు. మే నెలలో అదే పిండి రాత్రికే గిన్నె దాటి పారుతుంది. అక్కడ పనిచేసేవి సూక్ష్మజీవులు, ఇక్కడ రసాయనాలు. కానీ వేడి పెరిగితే పని వేగం పెరగడం రెండు చోట్లా ఒకటే. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది.

వేడికి తోడయ్యే రెండో శత్రువు నిండుదనం. ఇటీవలి ఫోన్లలో నూరు శాతం అంటే బ్యాటరీలో దాదాపు 4.4 వోల్టులు. అంత వోల్టేజీ దగ్గర ద్రవం ఇంకా తొందరగా విరుగుతుంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో బ్యాటరీల వాళ్లు తరచూ చూపే ఒక పట్టిక చెబుతుంది.

[తెర మీద పెద్ద అక్షరాల్లో ఒక్కో అంకె.]

వాడకుండా ఒక ఏడాది పక్కన పెట్టిన లిథియం బ్యాటరీ. 25 డిగ్రీల దగ్గర, 40 శాతం చార్జితో ఉంచితే దాని సామర్థ్యం 96 శాతం మిగులుతుంది. అదే 25 డిగ్రీల దగ్గర నిండుగా ఉంచితే 80. 40 డిగ్రీల దగ్గర సగానికి కాస్త తక్కువ చార్జితో ఉంచితే 85. 40 డిగ్రీల దగ్గర నిండుగా ఉంచితే? 65.

మళ్లీ చెబుతున్నాను, వాడకుండానే. 40 డిగ్రీలు మనకు వేసవిలో మామూలు మధ్యాహ్నం. బాపు పొద్దున నూరు నింపుకుని, తోటకు వచ్చి, ఇనుప డబ్బా మీద పెడుతున్నాడు. పట్టికలో ఆఖరి గడి అది. అక్క ఏసీ ఆఫీసులో కూర్చుని మొదటి రెండు గడుల మధ్య ఎక్కడో తిరుగుతోంది.

ఫోన్ల కంపెనీలు ఈ మాట చిన్న అక్షరాల్లో రాసే ఉంచాయి. ఐఫోను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడుకోవడానికి తయారైందని ఆపిల్ చెబుతుంది. ఆ లెక్కన మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట నల్లగొండలో ఫోను బయటికి తీయకూడదు! అది కుదిరే పని కాదు కాబట్టి కుదిరే పనులు చూద్దాం.

[దృశ్యం: గడియారం స్తంభం సెంటర్. బైకు హ్యాండిల్‌కు బిగించిన ఫోను, తెర మీద మ్యాపు.]

నా లెక్కలో అన్నిటికంటే చెడ్డ అలవాటు ఇది. నెత్తిన ఎండ, తెర వెలుతురు పూర్తిగా పెంచి, మ్యాపు నడుస్తూ, మధ్యలో చార్జింగ్ వైరు కూడా. ఆహారం ఇంటింటికీ చేరవేసే అబ్బాయిలకు తప్పదు, వాళ్లను అనను. మిగతావాళ్లు ఫోను జేబులో వేసుకుని మ్యాపు మాటలు వినండి. సాగర్ డ్యాము చూడటానికి కారులో వెళ్లి, ఫోనును డ్యాష్‌బోర్డు మీద వదిలేసి దిగకండి. మూసిన కారులో ఎండ పడే డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా పోగలదు. తోటలో అయితే చెట్టు నీడన గుడ్డ సంచిలో వేలాడదీయండి. ఫోను బాగా కాలితే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టే పుణ్యాత్ములు కూడా ఉన్నారు. వద్దు, లోపల తేమ పడుతుంది. నీడలో ఫ్యాను కింద పెడితే చాలు.

చార్జింగ్ ఎండ దిగాక పెట్టండి. దిండు కింద పెట్టకండి. మందపాటి కవరు ఉంటే ఆ కాసేపు తీసేయండి.

ఇప్పుడు బాపు పాటించిన నియమాలు. పూర్తిగా ఖాళీ చేసి నింపాలి అన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. వాటికి అది అవసరమే. ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది, దాన్ని సాధ్యం చేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ వచ్చింది. వాళ్లలో గుడ్‌ఇనఫ్ వయసు అప్పటికి 97. నోబెల్ అందుకున్న వాళ్లందరిలో పెద్దవాడు ఆయనే. బ్యాటరీ మారి ముప్పై ఏళ్లు దాటింది, సలహా మాత్రం మారలేదు. నిజానికి సున్నా దాకా వాడటం లిథియానికి శ్రమ. 20 దగ్గర పెట్టి 80 దగ్గర తీయడం సుఖం.

రోజుకు నాలుగుసార్లు పెడితే తొందరగా పోతుందా? పోదు. లెక్క సైకిళ్లలో ఉంటుంది. ఇవాళ 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిసి ఒక సైకిల్. ఎన్నిసార్లు వైరు గుచ్చారన్నది కాదు, మొత్తం ఎంత తోడారన్నది లెక్క. ఐఫోను 14, అంతకు ముందువి 500 సైకిళ్లకు 80 శాతం నిలబెట్టుకునేలా, 15 నుంచి 1000 సైకిళ్లకు నిలబెట్టుకునేలా తయారు చేశామని ఆపిల్ అంటుంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్తగా అమ్మకానికి తెచ్చే ఫోన్లన్నిటికీ 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం ఉండాలని నిబంధన పెట్టారు. మన దగ్గర అలాంటిది వస్తే బాగుండును, అందులో 45 డిగ్రీల దగ్గర పరీక్షించాలని కూడా చేర్చితే ఇంకా బాగుండును.

రాత్రంతా పెడితే పేలదు. నిండగానే ఫోనే కరెంటు ఆపుకుంటుంది. నష్టమల్లా తెల్లవార్లూ నూరు దగ్గర నిలబడటం. దానికి మందు ఫోనులోనే ఉంది: బ్యాటరీ సెట్టింగుల్లో 80 దగ్గర ఆపే మీట, లేదా మీరు లేచే వేళకు నూరు చేరేలా నెమ్మదించే మీట. పేరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది.

ఫాస్ట్ చార్జింగ్‌ను నేను దోషిగా నిలబెట్టను. చల్లగా ఉన్న గదిలో పరవాలేదు. ఎండలో తిరిగి వచ్చి, కాలుతున్న ఫోనుకు వెంటనే తగిలించడమే తప్పు. పది నిమిషాలు ఆగండి. మీరు కూడా ఆ పది నిమిషాలు మంచినీళ్లు తాగి కూర్చోండి.

[దృశ్యం: దివిటిపల్లి వైపు వెళ్లే రోడ్డు, దూరం నుంచి.]

ఒక చిన్న పక్కదారి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా లిథియం సెల్‌ల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, 16 గిగావాట్ అవర్ సామర్థ్యమని అప్పుడు ప్రకటించారు. ముఖ్యంగా వాహనాలకు, కరెంటు నిల్వకు పనికొచ్చే సెల్‌లు అవి, మన ఫోన్లకు కావు. అయినా పాలమూరు ఎండలో లిథియం సెల్ తయారు చేయబోతున్నారని వినగానే నాకు మా బాపు స్టార్టర్ డబ్బానే గుర్తొచ్చింది.

[దృశ్యం: మళ్లీ ఉబ్బిన ఫోను. ఈసారి ఇసుక పోసిన మట్టి మూకుడులో.]

ఉబ్బిన ఫోను సంగతి. ఇందాకటి ద్రవం విరిగినప్పుడు వాయువు పుడుతుంది, బ్యాటరీని మూసి ఉంచే సంచీలో చేరి పొంగుతుంది. అంటే లోపల మండే ద్రవం, మండే వాయువు, వాటి మధ్య పలుచని తెర. ఇక చార్జింగ్ పెట్టకండి. మూత నొక్కి సరిచేయకండి. సూదితో గాలి తీస్తే సరిపోతుందని చూపించే వీడియోలు ఉన్నాయి, దయచేసి వాటి జోలికి పోకండి. చెత్తబండిలో కూడా వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, కాబట్టి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. కొత్త బ్యాటరీ కూడా అక్కడే వేయించుకోండి. సగం ధరకు దొరికే వాటి మీద రాసిన అంకెను నేను నమ్మను.

బాపు ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించాను. 80 దగ్గర ఆగే మీట నొక్కాను. తోటలో వేపకొమ్మకు సంచి కట్టాను. నెల తర్వాత ఫోన్ చేశాడు.

"బిడ్డా, నువ్వు వేయించిన బ్యాటరీ మంచిది కాదు. 80 దాటి ఎక్కడం లేదు."

"అది నేనే పెట్టాను బాపూ, అలాగే ఉండాలి."

"అట్లనా? ముందే చెప్పకపోయావు. దుకాణానికి పోతే ఆ పిలగాడు ఏదో నొక్కి నూరు ఎక్కించాడు. వంద రూపాయలు తీసుకున్నాడు."

[దృశ్యం: వేపకొమ్మకు గాలికి ఊగుతున్న ఖాళీ సంచి.]